నోటిమాట మీద లేచే ఇల్లు

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఒక గోడకు రంగు వేయించాలన్నా దానికో లెక్క ఉంటుంది. ఎన్ని చదరపు మీటర్లు, ఎన్ని పూతలు, ఎన్నాళ్లలో పూర్తి కావాలి అన్నీ రాతలో ఉంటాయి. పని అయ్యాక టేపు పట్టి కొలుస్తారు, కొలతను మెజర్‌మెంట్ బుక్‌లో ఎక్కిస్తారు. ఆ పుస్తకంలోకి ఎక్కని పనికి బిల్లు రాదు. ముప్పై అయిదేళ్లు ఈ పద్ధతిని కళ్లారా చూసిన ఉద్యోగి, రిటైర్మెంటు దగ్గరపడి సొంతిల్లు మొదలుపెట్టేటప్పుడు మాత్రం దాన్ని ఆఫీసులోనే వదిలేసి వస్తాడు. కాంట్రాక్టరుతో టీ తాగుతూ చదరపు అడుగు రేటు మాట్లాడుకుంటాడు. మంచిరోజు చూసి అడ్వాన్సు చేతిలో పెడతాడు. ‘‘మనలో మనకి కాగితాలేటి మాస్టారూ!’’ అని కాంట్రాక్టరు నవ్వితే నిజమే కదా అనుకుంటాడు. అవతలివాడూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాడే మరి.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి ఖరగ్‌పూర్‌కు వలస వచ్చిన తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు నడుస్తున్నది మూడో తరమో, నాలుగో తరమో. నీంపురా, మథురాకాటి క్వార్టర్లలో పుట్టి పెరిగి, అక్కడి నుంచే ఉద్యోగానికి వెళ్లి, అక్కడే పిల్లల పెళ్లిళ్లు చేసినవారు ఎందరో. జీవితమంతా గడిచిన ఆ ఇల్లు తమది కాదన్న సంగతి చాలామందికి తలకెక్కేది ఆఖరి రెండు మూడేళ్లలోనే. అప్పుడు మాలంచ వైపో, తాల్‌బాగిచా వైపో రెండు కాఠాల స్థలం కొంటారు (కాఠా అంటే బెంగాల్ లెక్కలో 720 చదరపు అడుగులు). లేదంటే విజయనగరం దగ్గర సొంతూళ్లో తండ్రి వదిలిన స్థలంలో పునాది తీయిస్తారు. ఎక్కడ కట్టినా ఇబ్బంది ఒకటే. జీవితంలో అతిపెద్ద ఖర్చు నోటిమాట మీద నడుస్తుంది.

గడియారం తిరుగుతూనే ఉంటుంది

రైల్వే ఉద్యోగికి ఇల్లు ఆలస్యమవడం అంటే చిరాకు ఒక్కటే కాదు, డబ్బు కూడా. రిటైరయ్యాక క్వార్టరులో 4 నెలల పాటు మామూలు అద్దెకు ఉండనిస్తారు. అనారోగ్యం, పిల్లల చదువు లాంటి కారణాలు చూపితే మరో 4 నెలలు రెట్టింపు అద్దెకు ఇస్తారు. అది దాటితే డ్యామేజ్ రెంట్ పడుతుంది. ఖాళీ చేసేదాకా గ్రాట్యుటీని నిలిపి ఉంచే అధికారం రైల్వేకు ఉంది. రిటైరైనవారికి ఇచ్చే పాసులకూ కోత పడుతుంది.

ఇందులో ఉన్న ముడి గమనించండి. ఇల్లు పూర్తయితే గానీ క్వార్టరు ఖాళీ చేయలేరు. క్వార్టరు ఖాళీ చేస్తే గానీ గ్రాట్యుటీ రాదు. గ్రాట్యుటీ వస్తే గానీ తలుపులకూ ఫ్లోరింగుకూ డబ్బు ఉండదు. కాంట్రాక్టరు మూడు నెలలు మరో పని మీదికి వెళ్లిపోతే ఈ ముడి మెడకు బిగుసుకుంటుంది. అప్పుడు ‘ఎప్పటికి పూర్తి చేస్తానన్నావు?’ అని అడిగితే జవాబు చెప్పాల్సింది కాగితమే. ఆ కాగితం చాలామంది దగ్గర ఉండదు.

మాట్లాడుకున్నది ఏ ఒప్పందం?

ఇల్లు కట్టించే ఒప్పందాలు ప్రధానంగా నాలుగు రకాలు. ఏది కుదుర్చుకున్నామో తెలియకుండానే సంతకం చేసేవారు ఎక్కువ.

మొదటిది కూలీ కాంట్రాక్టు. సిమెంటు, ఇనుము, ఇటుక, ఇసుక యజమాని కొనిస్తాడు. మేస్త్రీ మనుషులను పెట్టి పని చేయిస్తాడు. సరుకు నాణ్యత మీ చేతిలో ఉంటుంది. కానీ వృథా కూడా మీ ఖాతాలోదే. రోజూ సైటులో ఉండలేనివారికి ఇది కుదరదు.

రెండోది సరుకుతో సహా చదరపు అడుగు రేటు. ఇప్పుడు ఎక్కువగా నడుస్తున్నది ఇదే, ఎక్కువ గొడవలు వచ్చేదీ ఇందులోనే. ‘అడుగు’ అంటే ఏ అడుగు అని ఎవరూ అడగరు. ఉదాహరణకు గోడలతో సహా 900 చదరపు అడుగుల ఇల్లు, అడుగుకు 1,600 రూపాయలు అనుకుందాం. యజమాని లెక్కలో 14 లక్షల 40 వేలు. కాంట్రాక్టరు 80 అడుగుల బాల్కనీని, డాబా మీద 120 అడుగుల మెట్లగదిని కూడా పూర్తి రేటుకు కలిపితే లెక్క 1,100 అడుగులవుతుంది. తేడా 3 లక్షల 20 వేలు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు, కొలతను ముందే రాసుకోలేదు, అంతే. బాల్కనీకి సగమా, పూర్తా, మెట్లగది లెక్కలోకి వస్తుందా, సన్‌షేడ్ సంగతేమిటి అన్నది రెండు లైన్లలో రాస్తే ఈ గొడవ ఉండదు.

మూడోది ఐటమ్ రేటు. తవ్వకానికి ఇంత, కాంక్రీటుకు ఇంత, ఇటుక పనికి ఇంత అని విడివిడిగా ధర కట్టి, చేసిన పనిని కొలిచి చెల్లించడం. రైల్వే పద్ధతి ఇదే. ఇంటికి కాస్త శ్రమే గానీ పునాదికి బాగా పనికొస్తుంది. ఖరగ్‌పూర్ నేల ఒకచోట పలుగు దిగని ఎర్ర మొరం, ఇంకోచోట పూడ్చిన చెరువు మట్టి. ఎంత లోతుకు వెళ్లాలో తవ్వేదాకా తెలియదు. అలాంటిచోట పునాదిని ఐటమ్ రేటుకు, పైభాగాన్ని అడుగు రేటుకు ఇవ్వడం ఇద్దరికీ న్యాయం.

నాలుగోది మొత్తం గుత్త. ‘తాళం చేతికిస్తా, ఇంత ఇవ్వండి’ అనే ఒప్పందం. పని జాబితా వివరంగా ఉంటే ఇది హాయి. జాబితా లేకపోతే తాళం తప్ప మిగతావన్నీ ‘అదనం’ అవుతాయి.

పన్ను సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. విడిగా కట్టుకునే ఒక్క ఇంటికి కేవలం కూలీ పని మాత్రమే ఇస్తే దానికి జీఎస్టీ మినహాయింపు ఉంది. సరుకుతో సహా ఇచ్చినప్పుడు చెప్పిన రేటు పన్ను కలిపినదా, విడిగానా అన్నది రాయించుకోండి.

రైల్వే నుంచి తెచ్చుకోవలసినవి

రైల్వే కాంట్రాక్టు నిబంధనల పుస్తకం లావుగా ఉంటుంది. అందులోంచి అయిదు అలవాట్లు ఇంటికి తెచ్చుకుంటే చాలు.

ఒకటి, డ్రాయింగు. మున్సిపాలిటీ ఆమోదించిన ప్లాను కాపీని ఒప్పందానికి జతచేసి, దాని మీద ఇద్దరూ సంతకం చేయాలి. ‘ఫస్ట్ క్లాస్ పని’ అన్న మాటకు అర్థం లేదు. స్లాబుకు ఏ గ్రేడు కాంక్రీటు, ఏ గ్రేడు ఇనుము, ఇటుక గోడ ఎన్ని అంగుళాలు, తలుపు ఏ చెక్క, వైరు ఏ కంపెనీది అని రాయాలి. ఐఎస్ 456 ప్రమాణం ప్రకారం ఇనుము వేసే కాంక్రీటుకు కనీసం ఎం20 గ్రేడు ఉండాలి. స్లాబును మామూలు సిమెంటుతో వేస్తే కనీసం 7 రోజులు, స్లాగ్ సిమెంటు లాంటివాటితో అయితే కనీసం 10 రోజులు తడపాలి. ఇనుమును తూచి చూడటం ఎవరికైనా చేతనయ్యే పని. 12 మిల్లీమీటర్ల కడ్డీ మీటరుకు దాదాపు 888 గ్రాములు తూగాలి. 8 మిల్లీమీటర్లదైతే 395 గ్రాములు. బాగా తక్కువ తూగిందంటే మీరు డబ్బిచ్చిన ఇనుము స్లాబులోకి వెళ్లడం లేదన్నమాట.

రెండు, పని అయ్యాకే డబ్బు. తేదీల ప్రకారం కాకుండా దశల ప్రకారం చెల్లించండి. అడ్వాన్సు 10 శాతం, ప్లింత్ పూర్తయ్యాక 15, స్లాబు వేశాక 30, గోడలు లేచాక 15, ప్లాస్టరింగ్ తర్వాత 10, ఫ్లోరింగు, తలుపులు, కరెంటు పని ముగిశాక 15, చివరి 5 శాతం తర్వాత అన్నది ఒక నమూనా. అంకెలు మారవచ్చు, సూత్రం మారకూడదు. నేల మీద కనిపిస్తున్న పని విలువ ఎప్పుడూ మీరిచ్చిన డబ్బు కంటే కాస్త ఎక్కువగానే ఉండాలి. ఆ లెక్క తిరగబడిన రోజు నుంచి కాంట్రాక్టరుకు మీ ఇంటికి రావలసిన అవసరం తగ్గిపోతుంది.

మూడు, ఆఖరి డబ్బు ఆపుకోవడం. రైల్వే సెక్యూరిటీ డిపాజిట్ కింద కొంత తన దగ్గరే ఉంచుకుంటుంది. మీరు కూడా ఆ 5 శాతాన్ని ఒక వానాకాలం గడిచేదాకా ఉంచుకునేలా ముందే రాసుకోండి. స్లాబు కారుతుందో లేదో చెప్పేది వానే. అయితే గడువు తీరి, లోపం లేదని తేలాక ఆ డబ్బు అడిగించుకోకుండా ఇచ్చేయాలి.

నాలుగు, అదనపు పని. ఇంటి బడ్జెట్ తలకిందులయ్యేది ఇక్కడే. ఇంట్లోవాళ్లు వచ్చి ‘ఇక్కడో అటక వస్తే బాగుంటుంది’ అంటారు. మేస్త్రీ సరేనంటాడు. ధర ఎవరూ మాట్లాడరు. రైల్వేలో మామూలుగా ఒక ఐటమ్ పరిమాణం 25 శాతం వరకు పెరిగినా ఒప్పుకున్న రేటే వర్తిస్తుంది. ఇంటికి అంతకంటే చిన్న నియమం చాలు. ధర రాసి ఇద్దరూ సంతకం చేయని అదనపు పని మొదలుపెట్టకూడదు. సంతకానికి వీలు కాకపోతే ‘అటకకు ఇంత, ఒప్పుకున్నాను’ అని వాట్సాప్‌లో ఒక్క ముక్క పంపినా మేలే. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం కూడా ఇలాంటి ఎలక్ట్రానిక్ రికార్డు తగిన ధ్రువపత్రంతో సాక్ష్యంగా చెల్లుతుంది.

అయిదు, పద్దు. ఒక రెండొందల పేజీల నోటుపుస్తకం కొనండి. పని తేదీ, కొలత, ఇచ్చిన డబ్బు, అందుకున్న సంతకం అందులో ఉండాలి. అదే మీ ఇంటి మెజర్‌మెంట్ బుక్. చెల్లింపులు వీలైనంతవరకు బ్యాంకు ద్వారా చేయండి.

గడువుకు విలువ ఎలా వస్తుంది?

నోటిమాట ఒప్పందం చెల్లదని చాలామంది అనుకుంటారు. అది తప్పు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 10వ సెక్షన్ ప్రకారం ఇలాంటి పనికి నోటిమాట ఒప్పందమూ ఒప్పందమే. కష్టమంతా దాన్ని రుజువు చేయడంలోనే ఉంది.

కాగితం లేదు కాబట్టి చేసిన పనికి డబ్బు ఇవ్వనక్కర్లేదని అనుకునే యజమానులకు ఖరగ్‌పూర్‌కు ఈశాన్యంగా ఉన్న ఆరాంబాగ్ కథ ఒక పాఠం. 1944లో అక్కడి అధికారులు అడిగితే ఒక కాంట్రాక్టు సంస్థ బెంగాల్ పౌర సరఫరాల శాఖకు గోదాములు, గదులు కట్టిపెట్టింది. తర్వాత ప్రభుత్వం ఆ ఒప్పందం చట్టం చెప్పిన రూపంలో లేదని అడ్డం తిరిగింది. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం, బి.కె.మండల్ అండ్ సన్స్ మధ్య నడిచిన ఆ కేసులో సుప్రీంకోర్టు 1961 డిసెంబరులో కాంట్రాక్టరు పక్షాన తీర్పు ఇచ్చింది. ఉచితంగా చేయని పని ఫలితాన్ని అనుభవించినవారు దానికి తగిన ప్రతిఫలం ఇవ్వాలని 70వ సెక్షన్ చెబుతోందని తేల్చింది. న్యాయం దొరికింది, కానీ దానికి 17 ఏళ్లు పట్టింది. సొంతిల్లు కట్టుకునేవారికి గానీ, చిన్న కాంట్రాక్టరుకు గానీ అంత ఓపిక ఉంటుందా?

గడువు విషయంలో ఇంకో మెలిక ఉంది. కాగితం మీద తేదీ వేసినంత మాత్రాన ఆ తేదీకి ప్రాణం రాదు. గడువు పొడిగింపు, ఆలస్యానికి జరిమానా లాంటి నిబంధనలు ఒప్పందంలో ఉంటే గడువును అంత కచ్చితమైనదిగా చూడనక్కర్లేదని 1979లో హింద్ కన్‌స్ట్రక్షన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి రెండూ స్పష్టంగా రాసుకోవాలి. ఫలానా తేదీ దాటితే వారానికి ఇంత తగ్గించుకుంటామన్నది మొదటిది. ఇన్ని వారాలు దాటితే నోటీసు ఇచ్చి, జరిగిన పని కొలిచి, మిగతాది వేరొకరికి అప్పగిస్తామన్నది రెండోది.

వారానికి ఇంత అన్న అంకెను కోపంతో వేయకూడదు. 74వ సెక్షన్ ప్రకారం కోర్టు ఆ అంకెను గరిష్ఠ పరిమితిగానే చూస్తుంది, అందులో సమంజసమనుకున్నంత ఇప్పిస్తుంది. రైల్వే ఉద్యోగికి ఈ లెక్క సులువు. క్వార్టరుకు కట్టాల్సిన డ్యామేజ్ రెంటో, బయట తీసుకునే ఇంటి అద్దెనో ఆధారంగా చూపి ఆ అంకె వేయండి. అలా వేసిన అంకెను ఎవరూ అన్యాయమనలేరు.

చదవలేని కాగితం మీద సంతకం

ఖరగ్‌పూర్ తెలుగువారికి మరో ప్రత్యేకమైన చిక్కు భాష. ఇంట్లో తెలుగు, బజారులో బెంగాలీ, ఆఫీసులో హిందీ. కానీ బెంగాలీ ధారాళంగా మాట్లాడే పెద్దవారిలో కొందరు దాన్ని చదవలేరు. స్టాంపు కాగితం బెంగాలీలోనో, వకీలు ఇంగ్లీషులోనో వస్తుంది. స్లాబు పోయడాన్ని ‘ఢలాయ్’ అంటారని తెలుసు గానీ, ఢలాయ్ రేటులో సెంట్రింగ్ చెక్క, ఇనుము కట్టే కూలీ కలిశాయో లేదో ఆ పేజీలో ఎక్కడుందో తెలియదు. అర్థం చేసుకోకుండా సంతకం పెట్టానంటే కోర్టు సాధారణంగా ఒప్పుకోదు. సంతకానికి ముందు నమ్మకమైన మనిషి చేత తెలుగులో చదివించుకోండి, వీలైతే తెలుగులో సారాంశం రాయించి జతచేయండి. రెండింటిలో తేడా వస్తే ఏది చెల్లుతుందో కూడా ఒక వాక్యం ఉండాలి. ప్రతి పేజీ మీదా సంతకం తప్పనిసరి.

గొడవ వస్తే

ఇల్లు కట్టిపెట్టడం ‘సేవ’ కిందికి వస్తుందని 1993లో జరిగిన సవరణ వినియోగదారుల చట్టంలో చేర్చింది. ఇప్పుడు అమల్లో ఉన్న 2019 చట్టంలోనూ అది ఉంది. చెల్లించిన మొత్తం 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషన్‌కే వెళ్లవచ్చు. 10 లక్షలు దాటి 20 లక్షల వరకు అయితే 2020 నిబంధనల ప్రకారం ఫీజు 400 రూపాయలు. వకీలును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. వివాదం తలెత్తిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. తాము నివసించేచోటే ఫిర్యాదు చేసుకునే వీలుంది కాబట్టి, రిటైరయ్యాక విశాఖలో కొడుకు దగ్గరికి చేరినవారు ఖరగ్‌పూర్ ఇంటి గొడవకు అక్కడి నుంచే ఫిర్యాదు చేయవచ్చు. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ నిబంధన ఉన్నా ఈ దారి మూసుకుపోదని 2018లో సుప్రీంకోర్టు ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో స్పష్టం చేసింది. అయితే రోజుకూలీకి పెట్టుకుని మీరే దగ్గరుండి పని చెప్పే మేస్త్రీ మీద ఈ చట్టం పనిచేయడం కష్టం. అది సొంత కొలువు కిందికి వస్తుంది.

స్థలం మీది, కట్టేది ప్రమోటరు, ఫ్లాట్లు చెరి సగం అన్న ఒప్పందాలు ఇక్కడ కూడా ఉన్నాయి. ఇందులో స్థల యజమాని వ్యాపార భాగస్వామి కాబట్టి వినియోగదారుడు కాడన్న వాదనను 2008లో ఫకీర్‌చంద్ గులాటీ కేసులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఫ్లాటు కొనేవారికి 2016 నాటి రెరా చట్టం ఉంది. నిర్ణీత పరిమితికి మించిన ప్రాజెక్టును రిజిస్టరు చేయాలి. రాతపూర్వక ఒప్పందం రిజిస్టరు కాకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. అప్పగించిన అయిదేళ్లలో నిర్మాణ లోపం బయటపడితే ప్రమోటరే సరిచేయాలి. పశ్చిమ బెంగాల్ 2017లో దీనికి బదులు సొంత చట్టం తెచ్చుకుంది. దాన్ని 2021 మే 4న సుప్రీంకోర్టు కొట్టేయడంతో కేంద్ర చట్టమే ఇక్కడా వర్తిస్తోంది. కానీ సొంత స్థలంలో కాంట్రాక్టరు చేత ఇల్లు కట్టించుకునేవారికి రెరా రక్షణ లేదు. వారికి రక్షణ వారు రాసుకున్న కాగితమే.

ఆ కాగితం కాంట్రాక్టరుకూ రక్షణే అన్న సంగతి మరిచిపోకూడదు. చేసిన పనికి సమయానికి డబ్బు రాక, కూలీలకు చేతి నుంచి ఇచ్చుకుని అప్పులపాలైన చిన్న మేస్త్రీలు లేకపోలేదు. దశ పూర్తయిన ఎన్ని రోజుల్లో డబ్బు ఇవ్వాలో, యజమాని ఆలస్యం చేస్తే గడువు ఎంత జరుగుతుందో, సైటులో కూలీకి ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిదో, నీళ్లు, కరెంటు ఖర్చు ఎవరిదో కూడా అందులోనే ఉండాలి. రాసుకోవడం అంటే అనుమానించడం అని మన పెద్దలు అనుకున్నారు గానీ, ఒకే ఊరివాళ్లు, ఒకే గుడికి వెళ్లేవాళ్లు మొహం చాటేసుకునే స్థితి తెచ్చేది రాసుకోకపోవడమే.

కాబట్టి ఈసారి ‘‘మనలో మనకి కాగితాలేటి’’ అని ఎవరైనా అంటే కోపం తెచ్చుకోకండి. ‘‘మనలో మనం కాబట్టే బాబూ, రేపు మాట పడకూడదని’’ అని చెప్పి కాగితం ముందు పెట్టండి. పని తెలిసిన కాంట్రాక్టరు దాని మీద సంతకం పెడతాడు. పెట్టనంటే, అడ్వాన్సు ఇంకా మీ దగ్గరే ఉంది.